ఆటో లాగిన్ పెట్టినా పాస్‌వర్డు అడుగుతోందా? అడగనివ్వండి!

లినక్సు డెస్కుటాపులో ఆటో లాగిన్ పెట్టుకున్నవాళ్ళలో చాలామందిది ఒకటే గోల. "లాగిన్ తెర రావట్లేదు, బానే ఉంది. క్రోమ్ తెరవగానే మళ్ళీ పాస్‌వర్డు అడుగుతోంది. ఇంకెందుకీ ఆటో లాగిన్?" దీనికి నెట్లో దొరికే సలహా కూడా ఒకటే: కీరింగు పాస్‌వర్డు ఖాళీగా పెట్టెయ్యి. ఈ సలహా నాకస్సలు నచ్చదు.

గ్నోమ్‌లో కీరింగంటే మన తాళాల గుత్తి. మెయిలు పాస్‌వర్డులూ, క్రోమ్ దాచుకున్న పాస్‌వర్డులకి వాడే తాళంచెవీ అందులోనే ఉంటాయి. మామూలుగా లాగినైనప్పుడు మనం కొట్టిన పాస్‌వర్డునే 'పామ్' అనే మధ్యవర్తి కీరింగుకీ అందిస్తుంది, అది చప్పుడు చెయ్యకుండా తెరుచుకుంటుంది. ఆటో లాగిన్‌లో మనం పాస్‌వర్డే కొట్టం. కొట్టనిదాన్ని పామ్ మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తుంది, పాపం? కాబట్టి ఇది బగ్ కాదు.

ఖాళీ పాస్‌వర్డు పెడితే ఆ గుత్తి ఏ ఎన్‌క్రిప్షనూ లేకుండా డిస్కులో పడుంటుంది. లాప్‌టాపు ఏ రైల్లోనో పోయిందనుకోండి, దొరికినవాడు పెన్‌డ్రైవుతో బూట్ చేసి హాయిగా చదువుకోవచ్చు. రోజుకి రెండు సెకన్లు మిగుల్చుకోడానికి ఇంత బేరమా?

అసలు ఆటో లాగిన్నే కావట్లేదంటే అది వేరే కథ. ఉబుంటు 2011లో జీడీఎం వదిలి లైట్‌డీఎంకి వెళ్ళింది, 2017లో తిరిగి జీడీఎంకే వచ్చింది. పాత వ్యాసం చూసి ఇప్పుడు వాడకంలో లేని ఫైలు మారిస్తే ఏం లాభం? ముందు మీ సిస్టంలో ఏ డిస్‌ప్లే మేనేజరు నడుస్తోందో చూడండి. సెట్టింగు లైను ముందు హ్యాష్ గుర్తు ఉండిపోయిందేమో చూడండి. అక్కడ రాయాల్సింది తెర మీద కనబడే పూర్తి పేరు కాదు, యూజర్‌నేము. ఆర్చ్‌లో లైట్‌డీఎం వాడేవాళ్ళయితే యూజర్ని 'ఆటోలాగిన్' గ్రూపులో కూడా చేర్చాలి. ఇంకోటి, లాగౌట్ అయ్యాక లాగిన్ తెర వస్తే కంగారు పడకండి. జీడీఎంలో ఆటో లాగిన్ బూట్ అయినప్పుడు మాత్రమే.

మరి ఆటో లాగిన్ వద్దా? నేనలా అనట్లేదు. ఇంట్లో అమ్మానాన్నలు యూట్యూబు, ఈ-పేపరు చూసుకునే డెస్కుటాపుకి అది వరమే. దానికి విడిగా ఒక అకౌంటు చెయ్యండి, అందులో ఏ పాస్‌వర్డూ దాచకండి. మీ లాప్‌టాపుకైతే డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి ఆటో లాగిన్ పెట్టుకోండి. ఫెడోరా లాంటి వాటిలో జీడీఎం వాడుతూ, డిస్కుకీ కీరింగుకీ ఒకే పాస్‌వర్డు పెట్టుకుంటే, బూట్లో ఒక్కసారి కొట్టింది రెండింటికీ సరిపోతుంది. ఆఫీసు లాప్‌టాపు జోలికి మాత్రం పోకండి బాబూ.

ఇప్పటికే ఖాళీ పెట్టేసినవాళ్ళు 'పాస్‌వర్డ్స్ అండ్ కీస్' ప్రోగ్రాము తెరిచి, లాగిన్ కీరింగు మీద రైట్ క్లిక్ చేసి, పాస్‌వర్డు మార్చుకోండి. అరనిమిషం పని. ఆ తర్వాత క్రోమ్ అడిగినప్పుడల్లా విసుక్కోకండి, అది మీ తరఫునే అడుగుతోంది.