ఏడాదికొకసారి బతికున్నాడా అని అడిగితే చాలునా?



ఫాదర్స్ డే నాడు మన గ్రూపులో వచ్చిన పటాలు, పూలదండలు, నాయనలను పొగిడిన మాటలు అన్నీ చూసినాము. సంతోషమే. ఒక మాట అడుగుతాము, కోపగించుకోవద్దు. ఆ పటాలు పంపిన మనలో ఎంతమంది ఆ రోజు నాయన పక్కన అరగంట కూర్చున్నాము?

ఊరి మాట ఎందుకు, మా సంగతే మొదట చెప్తాము. మేము ముగ్గురు అన్నదమ్ములము. నాయనకు 90 దాటింది. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరి పట్టాల వెంట నడిచి నడిచి రిటైరైన మనిషి. మా ఊరు తిరుత్తణి పక్క. ఆయన బడికి పోయినప్పుడు అది చిత్తూరు జిల్లా, పలక మీద దిద్దింది తెలుగు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. మేము బడికి పోయేటప్పటికి అంతా తమిళమే. తమిళం మాకు చదువిచ్చింది, ఉద్యోగమిచ్చింది, దాని మీద మాకు ఏ కోపమూ లేదు. ఈ తెలుగు అక్షరాలు రిటైరైనాక నేర్చుకున్నవి. తప్పులుంటే మన్నించండి.

పెన్షన్ లెక్క మాత్రం మన ఇళ్లలో అందరికీ నోటికి వచ్చు. 80 నిండితే 20 శాతం అదనం, 85కు 30, 90కి 40. ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల. 80 దాటినవాళ్లయితే అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. ఆ రోజు ఆటో పిలిచి, ఉతికిన చొక్కా తొడిగి నాయనను తీసుకొనిపోతాము. మిషన్ మీద వేలు పెడితే పట్టుకోదు. "ఇనుము మోసిన వేళ్లురా, గీతలు యాడుంటాయి" అని ఆయన నవ్వినాడు. "గమ్మునుండు నాయనా" అని మేము కసురుకున్నాము.

సర్కారు ఏడాదికొకసారి బతికున్నాడా అని అడుగుతుంది. మేమూ అంతే అడిగినాము.

పోయిన ఏడు నాయన జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయి ఇంటికి వచ్చినాక ఆయన నోట్లో తమిళం కొంచెం కొంచెంగా పోయింది. అరవై ఏళ్లు మాట్లాడిన భాష పోయి, చిన్నప్పటి తెలుగు ఒక్కటే మిగిలింది. చూసుకోవడానికి ఒక ఆయమ్మను పెట్టినాము. మంచి మనిషి, తమిళం తప్ప రాదు. మనవడికీ అంతే. ఒక రాత్రి నాయన "దప్పి, దప్పి" అని పిలిచినాడు. తమిళంలో తప్పి అంటే తప్పించుకొని పోవడం. ముసలాయన లేచి పారిపోతానంటున్నాడని వాళ్లు భయపడి, మంచానికి అడ్డం పెట్టి తలుపు గడియ వేసినారు. తెల్లారి మేము పోయి చూస్తే పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

తప్పు ఆయమ్మది కాదు, పిల్లవాడిది కాదు. "తెలుగు నేర్పి ఏమి లాభం" అని ముప్పై ఏళ్ల కిందట అనుకున్నామే, మాది.

అప్పటినుంచి రోజూ సాయంత్రం ఒకరు పోయి గంటసేపు కూర్చుంటున్నాము. చలికాలంలో తెల్లవారుజామున ఇనుము ముడుచుకొంటుంది, పట్టా విరిగేది అప్పుడే, అందుకే ఒళ్లు వణికినా ఆ వేళలోనే నడిచి చూడాల అని నాయన చెప్పినాడు. ఎండ పొద్దున నడిస్తే సుఖమే గాని ప్రమాదం దొరకదంట. రైల్వే ఆఫీసులో ఇన్నేళ్లు ఫైళ్లు తిప్పినా ఈ మాట మాకు తెలియదు. మనం పెద్దల దగ్గరికి పోయేది ఎప్పుడు? పండగకు, ఫోటోకు, సుఖమైన వేళకు. వాళ్లు విరిగే వేళకు మనం ఉండము.

"పిల్లలు దూరాన ఉన్నారు, డబ్బు పంపుతున్నారు గదా" అంటారు కొందరు. పంపాల్సిందే. 2007 చట్టం ప్రకారం పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌కు పోయి నెలకింత అని ఇప్పించుకోవచ్చు. పక్కన కూర్చొని మాట వినమని ఏ ట్రిబ్యునల్ ఉత్తర్వు ఇస్తుంది?

"సంఘం ఉగాదికి పెద్దలకు శాలువా కప్పుతుంది గదా" అంటారు ఇంకొందరు. పోయిన ఉగాదికి ఆ పెద్దలను రెండు గంటలు వేదిక మీద కూర్చోబెట్టి మనమే మాట్లాడినాము, అదీ సగం ఇంగ్లీషులో. ఒక్క ముసలాయన చేతికైనా మైకు ఇచ్చినామా?

"తెలుగు అన్నం పెడుతుందా" అని అడిగేవాళ్లకు మా జవాబు ఒకటే. అన్నం మాట తర్వాత, మా ఇంట్లో అది రాక నీళ్లు అందలేదు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో మూడు పనులు తీర్మానించాలని అడుగుతున్నాము. 80 దాటిన పెద్దలున్న ఇళ్ల పట్టీ రాయాల. నెలకొక ఆదివారం ఇద్దరిద్దరు సభ్యులు, తమ పిల్లలను వెంటబెట్టుకొని, ఆ ఇళ్లకు పోయి ఒక గంట తెలుగులో మాట్లాడాల. దప్పి, నొప్పి, చలి, ఆకలి వంటి ఇరవై మాటలు తమిళ లిపిలో అర్థంతో అచ్చు వేయించి మంచం పక్క గోడకు అంటించాల. ఖర్చుకు శాలువాల డబ్బు చాలు.

మా అక్షరాల్లో తప్పుంటే దిద్దండి. మాటే తప్పంటే సమావేశానికి వచ్చి వాదించండి. దానికి ముందు ఈ పూట ఇంటికి పోయి, నాయనకు ఒక చెంబు నీళ్లిచ్చి, పక్కన కూర్చోండి.