తిప్పి చూపితేనే కోణం

అయిదో తరగతి పిల్లలకు ఓ చిన్న పరీక్ష పెట్టి చూడండి. బోర్డు మీద రెండు లంబకోణాలు గీయండి. ఒకదాని భుజాలు జానెడు, రెండోదానివి మూరెడు. ఏది పెద్ద కోణమని అడిగితే చాలా చేతులు మూరెడుదాన్నే చూపిస్తాయి. అదే లంబకోణాన్ని కాస్త పక్కకు వాల్చి గీస్తే, అది లంబకోణమే కాదనేవాళ్లూ ఉంటారు. నిర్వచనం మాత్రం తడుముకోకుండా అప్పజెబుతారు.

పిల్లల్ని అని లాభం లేదు. కాగితం మీద కోణం కదలకుండా పడి ఉంటుంది. కంటికి ఆనేది గీతల పొడవే. కొలవాల్సిందేమో ఒక గీత రెండోదాని నుంచి ఎంత తిరిగిందన్నది. ఆ తిరగడం బొమ్మలో కనబడదు. అందుకే మొదటి పాఠం తలుపు దగ్గర చెప్పాలి. కొంచెం తెరిస్తే అల్పకోణం, గోడకు లంబంగా నిలిపితే లంబకోణం, ఇంకా తోస్తే అధికకోణం. పక్కనున్న కిటికీ రెక్కనూ అంతే తెరవండి. రెక్క చిన్నదే, కోణం మాత్రం అదే. ఎన్‌సీఈఆర్‌టీ అయిదో తరగతి కొత్త పుస్తకం ‘మ్యాథ్స్ మేళా’ కూడా కోణాన్ని తిరగడంగానే పరిచయం చేస్తోంది. సంతోషం.

రెండో పాఠానికి ఓ చిత్తుకాగితం చాలు. అంచులు చిరిగినా ఫరవాలేదు. ఒక మడత పెడితే సరళరేఖ. ఆ మడత తన మీదే పడేట్టు ఇంకోసారి మడిస్తే లంబకోణం. మళ్లీ మధ్యకు మడిస్తే 45 డిగ్రీలు. కాగితం విప్పి, మొదటి మడత మీదే మరోచోట లంబంగా మడిస్తే రెండు సమాంతర రేఖలు వస్తాయి. వాటి మధ్య దూరం ఎక్కడైనా ఒక్కటేనా అన్నది పిల్లలే స్కేలుతో తేల్చుకుంటారు.

ఇదేం కొత్త విద్య కాదు. 1893లోనే మద్రాసులో టి. సుందరరావు కాగితం మడతలతో జామెట్రీ నేర్పే పుస్తకాన్ని ఇంగ్లిష్‌లో తెచ్చారు. జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ ప్రస్తావించాక అది 1901లో షికాగోలోనూ అచ్చయింది.

కోణమానిని ఆ తర్వాతే చేతికివ్వాలి. దాని మీద 0 నుంచి 180 దాకా అంకెలు రెండు వరసల్లో, ఎదురెదురు దిశల్లో ఉంటాయి. తిరగడం తెలియని పిల్లాడు 60ని 120గా చదివేసి ముందుకు పోతాడు. మడతకాగితం దగ్గరున్న పిల్ల ‘ఇది లంబకోణం కన్నా చిన్నది కదా’ అని ఆగుతుంది. డచ్ ఉపాధ్యాయ దంపతులు పియరే, డీనా వాన్ హీలేలు 1957లో తమ సిద్ధాంతవ్యాసాల్లో ఈ వరసే చెప్పారు: పిల్లలు ముందు ఆకారాన్ని మొత్తంగా గుర్తుపడతారు, తర్వాత దాని లక్షణాలు పట్టుకుంటారు, నిర్వచనం ఆపైన. మనం ఆఖరి మెట్టు నుంచి మొదలుపెడుతున్నాం.

ఇంత తీరికెక్కడిది, సిలబస్ పూర్తికావద్దా అంటారు ఉపాధ్యాయులు. ఒకే గదిలో రెండు మూడు తరగతులు నెట్టుకొస్తున్నవాళ్ల బాధ కొట్టిపారేయలేం. కానీ పరీక్షలో ఏది అడిగితే బడిలో అదే చెబుతారు. కాబట్టి ముందు కదలాల్సింది ప్రశ్నపత్రం రాసేవాళ్లు. ‘కోణమును నిర్వచింపుము’ తీసేసి, ‘గడియారం పెద్దముల్లు 20 నిమిషాల్లో ఎన్ని డిగ్రీలు తిరుగుతుంది? ముల్లు పొడవు రెట్టింపయితే జవాబు మారుతుందా?’ అని అడగమనండి. ప్రశ్న మారిన ఏడాదే పాఠమూ మారుతుంది.