మా తమ్ముడి ఎత్తుబండి

తెలుగు మేష్టారికి మోటారు బండ్ల గొడవ ఎందుకని మీరు నవ్వవచ్చు. ఇరవై ఏళ్లుగా ప్రబంధాలు పాఠం చెప్పుకుంటున్న నేను, పోయిన వేసవి సెలవులలో టెక్సాస్ రాష్ట్రపు మండుటెండలో ఒక బండి కింద వెల్లకిలా పడుకుని టేపుతో కొలతలు తీశాను. మా మరదలు ఫోటో కూడా తీసింది. కాలేజీలో ఎవరికీ చూపించవద్దని బతిమాలుకున్నాను.

సంగతేమిటంటే, మా తమ్ముడు డాలస్ నగరానికి ఉత్తరాన కాపురముంటున్నాడు. అమ్మను తీసుకురమ్మని మూడేళ్లుగా పోరుతున్నాడు. అమ్మకు డెబ్బై రెండేళ్లు. నడుము నొప్పి మనిషి. బయట వండిన మెతుకు ముట్టదు. "అంత దూరం వచ్చి నీ ఇంటి గోడలు చూస్తూ కూర్చోవాలా?" అనేది. అందుకు వాడు ఆలోచించిన ఉపాయం ట్రైలరు. అంటే చక్రాల మీద ఇల్లన్నమాట. పొయ్యి, నీళ్ల తొట్టి, పడకలు అన్నీ అందులోనే. అమ్మ వంట అమ్మే చేసుకుంటూ దేశమంతా చూడవచ్చు. దాన్ని లాగడానికి ఒక పాత ఫోర్డు ఎఫ్-250 ట్రక్కు కొన్నాడు. మొదటి యజమాని ముచ్చటపడి ఆ ట్రక్కును నాలుగు అంగుళాలు పైకి ఎత్తించి, పెద్ద చక్రాలు తొడిగించాడట. అక్కడ అదొక సరదా. అమ్మ అందులోకి ఎక్కాలంటే ముక్కాలిపీట వెయ్యవలసి వచ్చేది.

మొదటిసారి 75వ నంబరు రహదారి మీద టెక్సోమా సరస్సుకు బయలుదేరాము. రోడ్డులో అతుకు వచ్చినప్పుడల్లా బండి ఒకసారి ఎగిరి ఊరుకోక, పడవలాగా మూడు నాలుగుసార్లు పైకీ కిందికీ ఊగేది. వెనకనుంచి ఏదో 'టక్' మని కొట్టుకునేది. గంట గడిచేసరికి పెద్ద లారీ ఒకటి మమ్మల్ని దాటిపోయింది. ఆ గాలి తాకిడికి ట్రైలరు కుడికీ ఎడమకూ తోక ఆడించడం మొదలుపెట్టింది. తమ్ముడు యాక్సిలరేటరు మీదనుంచి కాలు తీసి, చక్రం తిన్నగా పట్టుకున్నాడు గనుక సరిపోయింది. వెనక సీట్లో పిల్లలిద్దరూ అమ్మను కరచుకుని ఉన్నారు. ఇంటికి చేరాక అమ్మ ఒకటే మాట అన్నది: "ఒరేయ్ చిన్నోడా, నన్నింక ఈ బండి ఎక్కమనకు."

ఆ రాత్రి వాడు అన్నం సరిగా తినలేదు. షాక్ అబ్జార్బర్లు పాడయ్యాయనీ, అన్నిటికన్నా ఖరీదైనవి నాలుగు తెప్పించి బిగిస్తే అంతా సర్దుకుంటుందనీ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మన మెకానిక్కులు 'షాకప్సర్లు' అంటారే, అవి. 'కుదుపునిరోధకము' అనవచ్చునని నేనొక మాట తయారుచేసి చెప్పాను. ఆ మాట వింటేనే బండి ఆగిపోతుంది అన్నయ్యా అన్నాడు.

పక్క ఇంట్లో ఒక ముసలాయన ఉన్నాడు. ఒకప్పుడు లారీలు బాగుచేసి బతికినవాడు. మరునాడు తనంతట తానే వచ్చి బండి కిందికి దూరి చూశాడు. వెనక రెండు షాకులూ నూనె కారుతున్నాయి. అది చిన్న జబ్బు. పెద్ద జబ్బు వేరే ఉంది. బండిని ఎత్తించిన పెద్దమనిషి వెనక షాకులు మార్చనే లేదు. మామూలు ఎత్తు బండికి వేసిన పొట్టివే ఉంచేశాడు. చక్రం గుంటలోకి దిగగానే అవి పూర్తిగా సాగి, ఇక సాగలేక పీకినట్టు పట్టేస్తున్నాయి. మేము విన్న చప్పుడు అదే.

ఆయన చెప్పినదాంట్లో నాకు నచ్చిన ముక్క మరొకటి. షాకు బరువు మొయ్యదు. బరువు మోసేవి స్ప్రింగులు, వెనకవైపు కమాను పట్టీలు. ఉయ్యాలను ఒకసారి ఊపి వదిలితే తనంతట తాను ఎంతసేపు ఊగుతుందో మనకు తెలుసు. స్ప్రింగుదీ అదే స్వభావం. ఆ ఊపును పట్టి ఆపడమే షాకు పని. గొట్టంలో నూనె, నూనెలో ముషలకం, దానికి సన్నని రంధ్రాలు. కదిలినప్పుడల్లా నూనె ఆ రంధ్రాలగుండా ఇరుక్కుంటూ పోవాలి. కుదుపులోని శక్తి అలా వేడిగా మారి గాలిలో కలుస్తుంది. కాబట్టి ఎంత గొప్ప షాకు వేసినా బండి మొయ్యగల బరువు ఒక్క వీసమైనా పెరగదు. ఆ లెక్క డ్రైవరు తలుపు సందున కంపెనీవారు అంటించిన చీటీలో ఉన్నదే. ఎత్తు పెంచినందువల్ల బలమూ పెరిగిందనుకోవడం వాపును చూసి బలుపు అనుకోవడమే. నిజానికి ఎత్తు పెరిగినకొద్దీ బండి నిలకడ తగ్గుతుంది.

అప్పుడు మొదలయింది నా టేపు ఉద్యోగం. మూడు కొలతలు కావాలి. బండి మామూలుగా నిలబడినప్పుడు షాకు పై బోల్టునుంచి కింది బోల్టుదాకా ఎంత? ఇరుసు పైకి లేచి రబ్బరు దిమ్మెకు తగిలేసరికి ఎంత తగ్గుతుంది? చక్రం గాలిలో వేలాడేటప్పుడు ఎంత పెరుగుతుంది? మాకు వెనక వచ్చినవి 22, 17, 26 అంగుళాలు. అంటే మేము కొనేది పూర్తిగా ముడుచుకున్నప్పుడు 17 కన్నా పొట్టిగా, పూర్తిగా సాగినప్పుడు 26 కన్నా పొడుగుగా ఉండాలి. ఆరు అంగుళాలు ఎత్తిన బండికి చేసినవి తెప్పిద్దామని తమ్ముడి ఉబలాటం. పొడుగైతే మరీ మంచిది కదా అని. కాదు. మరీ పొడుగైనది రబ్బరు దిమ్మె అందుకోకముందే అడుగంటి, ముషలకమో బోల్టు చెవో విరుగుతుంది. పొట్టిది తెగుతుంది, పొడుగుది విరుగుతుంది. అంగడిలో కాగితం మీద '4 అంగుళాల ఎత్తుకు' అని వ్రాసి ఉన్నా మన బండి కొలతలు మనం తీసుకోవలసిందే. ఎత్తిన విధానాలు ఒక్కొక్కరివి ఒక్కొక్క రకం.

ఇక రకాల సంగతి. గొట్టంలో గొట్టం ఉన్నవి ఒక తెగ. చవక, మెత్తన. ఒకే గొట్టంలో నూనెనూ, ఒత్తిడితో నింపిన నైట్రోజన్ వాయువునూ విడదీసి పెట్టినవి మరొక తెగ. ఫ్రెంచి ఇంజనీరు ద కార్బాన్ రూపొందించిన ఈ పద్ధతిని జర్మనీలోని బిల్‌స్టీన్ కంపెనీ 1957 నుంచి మెర్సిడెస్ బెంజ్ కార్లకు అమర్చింది. ఇందులో నూనె నురుగు కట్టదు, వేడి తొందరగా చల్లారుతుంది. పక్కన వేరే నూనె సీసాలు తగిలించినవి ఇంకొక తెగ. అవి ఎడారి పందేలకు. తమ్ముడు మోజుపడ్డది వీటిమీదనే. నాలుగో తెగలో బిగువు మార్చుకునే మర ఉంటుంది. రాంచో కంపెనీవారి ఒక రకానికి తొమ్మిది మెట్లు.

ఏది ఎన్నుకోవాలి? వాడు వారానికి అయిదు రోజులు ఖాళీ బండిలో ఆఫీసుకు పోతాడు. ఆదివారాలు మాత్రమే ట్రైలరు లాగుతాడు. బరువుకు తగిన బిగువు ఖాళీ బండిలో నడుం విరగ్గొడుతుంది. ఖాళీకి తగిన మెత్తదనం బరువున్నప్పుడు ఊగిస్తుంది. అందుచేత మర తిప్పుకునే రకమే మా కొలతలకు సరిపోయేవి నాలుగూ తెప్పించాము. వాడు మొదట అనుకున్న ఖర్చులో సగమైనా కాలేదు.

బిగించాక బండి ఊగడం మానింది. కాని ట్రైలరు తోక ఆడించడం షాకుల తప్పు కాదనీ, అది వేరే చూసుకోవాలనీ ముసలాయన ముందే హెచ్చరించాడు. దాని కారణం కనిపెట్టినది అమ్మ. ట్రైలరు తలుపు తీసి లోపల చూసి, "బియ్యం బస్తాలు, నీళ్ల డబ్బాలు అన్నీ వెనక్కి తోశారేమిట్రా? మా నాన్న బండికి ఇలా వెయ్యనిచ్చేవాడా? కాడి పైకి లేచి ఎడ్లకు ఉరి పడదూ!" అన్నది.

లారీల కాటా దగ్గర తూయించి చూస్తే ఆమె మాట అక్షరాలా నిజం. ట్రైలరు మొత్తం బరువు 6,200 పౌన్లు. అందులో నూటికి పది నుంచి పదిహేను వంతులు ట్రక్కు కొక్కెం మీద పడాలి. అంటే 620కి తగ్గకూడదు. మాకు 400 కూడా లేదు. సామాను ఇరుసు ముందుకు జరిపాము. ట్రక్కు ఎత్తు కాబట్టి ట్రైలరు మూతి పైకి లేచి ఉన్నది. కిందికి వంగిన కొక్కెం వేసి మట్టసం చేశాము. కొక్కెం మీది బరువును ముందు చక్రాలకు కూడా పంచే కడ్డీలు తగిలించాము. మళ్లీ ఎప్పుడైనా ట్రైలరు ఊగితే ట్రక్కు బ్రేకు తొక్కకుండా, ట్రైలరు బ్రేకు ఒక్కటే చేత్తో నొక్కాలని ముసలాయన తమ్ముడి చేత పదిసార్లు సాధన చేయించాడు.

అమ్మను ఒప్పించడానికి వారం పట్టింది. చివరకు అమరిల్లో దగ్గరి పాలో డ్యూరో లోయకు బయలుదేరాము. 300 మైళ్లకు పైగా దారి. గంటకు 60 మైళ్లు దాటనని తమ్ముడు అమ్మ చేతిలో చెయ్యి వేశాడు. లారీలు దాటిపోతూనే ఉన్నాయి. ప్రతిసారీ వాడు అద్దంలోంచి ట్రైలరును చూసేవాడు, నేను అమ్మను చూసేవాణ్ణి. విచిటా ఫాల్స్ వచ్చేసరికి ఆమె నిద్రపోతున్నది.

సాయంత్రం ఎర్రటి కొండల కింద ట్రైలరు ఆపి, అమ్మ తన పొయ్యి మీద తానే పప్పుచారు కాచింది. వడ్డిస్తుండగా తమ్ముడు ఉండబట్టలేక అడిగాడు: "బండి ఎలా ఉందమ్మా?"

"బండి సంగతి నాకేం తెలుసురా? నడుము నెప్పి మాత్రం రాలేదు. రేపెక్కడికి?" అన్నది.