పెట్టె యొకరిది, లాభ మొకరిది

మంచి సరకు చేయువాడే వ్యాపారమున జయించునని లోకమున నొక నమ్మకము కలదు. కంప్యూటరు పరిశ్రమ చరిత్ర యీ నమ్మకమును బలపఱచుట లేదు. ఒక యంత్రమును పలువురు కలిసి నిర్మించునప్పుడు, అందులో నితరులు చేయజాలని భాగ మెవ్వని చేత నున్నదో వానికే లాభము దక్కుచున్నది. పెట్టెపై పేరు వేసికొన్నవానికి తఱచుగా పేరే మిగులుచున్నది.

1981 ఆగస్టులో ఐ.బి.యం. సంస్థ తన పర్సనల్ కంప్యూటరును అంగడికి దెచ్చెను. పెద్ద కంప్యూటర్ల వ్యాపారమున నాడు దానికి సాటి లేదు. కాని చిన్న యంత్రమును త్వరగా సిద్ధపఱచు తొందరలో ప్రాసెసరును ఇంటెల్ నుండియు, ఆపరేటింగు సిస్టమును మైక్రోసాఫ్టు నుండియు గైకొనెను. ఆ సిస్టము నితరులకును అమ్ముకొను హక్కును మైక్రోసాఫ్టువారు తమయొద్దనే యుంచుకొనిరి. ఐ.బి.యం.కు సొంతమై నిలిచినది బయోస్ అను చిన్న ప్రోగ్రాము. కాంపాక్ సంస్థవారు దానిని నకలు చేయలేదు. అది చేయు పనినే చేయు వేఱొక ప్రోగ్రామును స్వయముగా వ్రాయించి, 1983 నుండి తమ యంత్రముల నమ్మసాగిరి. గ్రంథస్వామ్యపు చట్టము వ్రాసిన వాక్యములను కాపాడును గాని, ఆ వాక్యములు సాధించు కార్యమును కాపాడదు. కోట గోడలో నున్న బీట ఇదియే.

1987లో ఐ.బి.యం. క్రొత్త అమరికతో పి.ఎస్.2 యంత్రములను వెలువరించి, ఆ అమరికను వాడదలచినవారిని రుసుము చెల్లింపుమనెను. మఱుసటి సంవత్సరమే తొమ్మిది సంస్థ లేకమై వేఱొక అమరికను ప్రకటించినవి. చివరకు 2005లో ఆ వ్యాపారము చైనాకు జెందిన లెనోవో చేతికి బోయెను. చిరకాలము లాభము పండించుకొన్నవారు ఇంటెల్, మైక్రోసాఫ్టులు.

జయించినవానికి గల అపాయ మేమో ఇంటెల్ చరిత్ర తెలుపుచున్నది. 1985లో జపాను పోటీకి తాళజాలక, తనకు పుట్టుక నిచ్చిన మెమరీ చిప్పులనే విడిచి ప్రాసెసర్లను బట్టిన ధైర్య మా సంస్థది. అదే సంస్థ, ప్రాసెసర్లపై మిక్కుటముగా లాభము వచ్చుచుండగా, తక్కువ వెల, తక్కువ విద్యుత్తుగల ఫోను చిప్పులను చిన్నచూపు చూచెను. 2006లో తన ఫోను చిప్పుల శాఖను అమ్మివేసెను. మఱుసటి యేడే ఐఫోను వెలువడెను. దీపముండగానే యిల్లు చక్కబెట్టుకొనవలెనను సామెతను లాభమే మఱపించినది.

1990లో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జిలో వెలసిన ఆర్మ్ సంస్థ చిప్పుల రూపకల్పనలను లైసెన్సుపై నిచ్చెను. 1987లో తైవానునందు స్థాపితమైన టి.యస్.యం.సి. తనపేర చిప్పు లమ్ముకొనక, ఇతరులు గీచిన చిప్పులను పోతపోసి యిచ్చెను. కోట్లకొలది ఫోనుల గిరాకీ వలన దానికి అనుభవము పెరిగెను, క్రొత్త యంత్రములకు ధనము సమకూడెను. 2020లో ఆపిల్ సంస్థ తన కంప్యూటర్లనుండి ఇంటెల్‌ను తొలగింపనారంభించి, ఆర్మ్ పద్ధతిపై తాను రూపొందించిన చిప్పును టి.యస్.యం.సి. చేత చేయించుకొనెను. అత్యంత సూక్ష్మమైన చిప్పులకు వలయు ఇ.యు.వి. యంత్రములనో, హాలెండునందలి ఎ.యస్.యం.ఎల్. ఒక్కటియే నిర్మించుచున్నది. అధికారము పెట్టెనుండి చిప్పునకు, చిప్పునుండి దానిని చేయు విద్యకు జరిగినది.

ఈ పాఠము మనకును వర్తించును. హైదరాబాదు, బెంగుళూరులలో మన యువకులు పరదేశ సంస్థల కొఱకు చిప్పులను రూపొందించుచున్నారు. ఆ రూపముపై స్వామ్యము మాత్రము ఆ సంస్థలదే. చిప్పుల పరిశ్రమకై 2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము 76,000 కోట్ల రూపాయల పథకమును ఆమోదించెను. భాగములను కూర్చు కర్మాగారములు వలదని మేమనము. అవి వేలమందికి అన్నము పెట్టును. కాని ప్రజాధనమును గోరు ప్రతి సంస్థను ఒక్క ప్రశ్న యడుగవలెను: పదేండ్ల పిమ్మట, మనము లేనిదే యితరులకు జరుగని పని యేది? ఉత్తరము లేనిచోట కర్మాగారపు కప్పు మనది, కూలి మనది, లాభము పరులది.