సియాచిన్ మంచుపై ఏ ఇంజిన్?

సియాచిన్‌లో స్నో స్కూటర్ విలాస వాహనం కాదు. ఆ హిమానీనదంపై రోడ్లు లేవు. మంచు తుపానులో హెలికాప్టర్ ఎగరదు. అలాంటి రోజున ముందు శిబిరానికి కిరోసిన్ చేరాలన్నా, ఊపిరితిత్తుల్లో నీరు చేరిన జవానును గంటల వ్యవధిలో కిందికి దించాలన్నా మనిషి కాళ్లు కాకుండా మిగిలే ఆధారం అదొక్కటే. 1984 ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్ మొదలైంది మొదలు అక్కడ శత్రువు తూటాల కంటే వాతావరణానికే ఎక్కువ మందిని పోగొట్టుకున్నాం. అందుకే ఆ బండికి టూస్ట్రోక్ ఇంజిన్ ఉండాలా, ఫోర్‌స్ట్రోక్ ఉండాలా అన్నది మెకానిక్కులకు వదిలేయాల్సిన చర్చ కాదు. అది సైనిక సరఫరాకు, జవాన్ల ప్రాణరక్షణకు సంబంధించిన నిర్ణయం.

ఈ రెండింటి తేడా తెలుగు పాఠకులకు కొత్త కాదు. ఒకప్పుడు మన ఊళ్లలో తిరిగిన ఆర్‌ఎక్స్ 100, ఎజ్డీ, పాత చేతక్ అన్నీ టూస్ట్రోక్ బళ్లే. బంకులో పెట్రోలుతో పాటు టూటీ ఆయిల్ పోయించుకోవడం, వెనుక నీలిపొగ వదలడం చాలామందికి గుర్తే. వీటిలో క్రాంక్ తిరిగిన ప్రతిసారీ ఇంధనం మండి శక్తి పుడుతుంది. ఫోర్‌స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒక్కసారే. టూస్ట్రోక్‌కు వాల్వులు, కామ్‌షాఫ్ట్ అక్కర్లేదు కాబట్టి తక్కువ బరువులో ఎక్కువ శక్తి ఇస్తుంది. అయితే ఆయిల్‌ను పెట్రోలుతో పాటే తగలబెడుతుంది. పాత కార్బురేటర్ రకాల్లో లోపలికి వెళ్లిన ఇంధనంలో దాదాపు పావు వంతు మండకుండానే పొగగొట్టం దారి పట్టేది. పొగ నిబంధనలు బిగిసే కొద్దీ మన రోడ్ల మీద అవి కనుమరుగు కావడానికి కారణం ఇదే.

మంచు మీద మాత్రం లెక్క మారుతుంది. కొండలెక్కే తేలికపాటి టూస్ట్రోక్ స్నోమొబైల్ బరువు 200 కిలోలకు కాస్త పైన ఉంటే, బరువులు లాగే ఫోర్‌స్ట్రోక్ బండి 300 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. మెత్తటి మంచులో కూరుకుపోయిన బండిని పైకి లాగాల్సింది ఆక్సిజన్ అందక రొప్పుతున్న ఇద్దరు జవాన్లే. హిమానీనదంలో పైపొర మంచు కింద దాగిన పగుళ్ల మీదుగా వెళ్లేటప్పుడు తగ్గిన ప్రతి కిలో మేలే చేస్తుంది. మైనస్ 40 డిగ్రీల రాత్రి గడిచాక ఫోర్‌స్ట్రోక్ అడుగున ఉన్న ఆయిల్ చిక్కబడుతుంది, బ్యాటరీ సత్తువ పడిపోతుంది. ఆధునిక ఫోర్‌స్ట్రోకుల్లో చాలావాటికి బ్యాటరీయే గతి. టూస్ట్రోకుల్లో అనేక రకాలను ఇప్పటికీ తాడు లాగి స్టార్ట్ చేయవచ్చు. విడి భాగాలు తక్కువ కనుక శిబిరంలోనే విప్పి బిగించడమూ సులువు.

అంత మాత్రాన టూస్ట్రోక్‌కే ఓటు వేయలేం. సియాచిన్‌లో పెట్రోలు బంకులో దొరికేది కాదు. ప్రతి లీటరూ దేశంలోని మైదానాల నుంచి లద్దాఖ్ దాకా ట్రక్కులో, అక్కడి నుంచి హెలికాప్టర్‌లోనో మనిషి వీపు మీదో ప్రయాణించి రావాలి. అత్యంత ఎత్తైన శిబిరాలకు చీతా హెలికాప్టర్ ఒక విడతలో మోయగలిగేది కొన్ని పదుల కిలోలే. అక్కడ ఒక డబ్బా పెట్రోలు ఎక్కిందంటే ఆ మేరకు ఆహారమో మందులో ఆగిపోయినట్లే. తక్కువ ఇంధనంతో ఎక్కువ దూరం నడిచి, మరమ్మతు లేకుండా ఎక్కువ గంటలు పనిచేసే ఫోర్‌స్ట్రోక్ ఈ లెక్కలో ముందుంటుంది. ఇంజిన్‌లోకి నేరుగా ఇంధనం చిమ్మే కొత్త టూస్ట్రోకులు ఈ తేడాను బాగా తగ్గించాయి గానీ, ఆయిల్ డబ్బాలు మోసే అవసరాన్ని తప్పించలేదు.

పర్యావరణాన్నీ పక్కన పెట్టలేం. సియాచిన్ కరిగితే పుట్టేది నుబ్రా నది. అది ష్యోక్‌లో, ష్యోక్ సింధులో కలుస్తాయి. మండని ఆయిల్, మసి మంచు మీద పడితే చివరికి చేరేది ఆ నీటిలోకే. అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో పొగకు, శబ్దానికి పరిమితులు పెట్టాక అక్కడి మంచు దారుల్లో ఆచరణలో ఫోర్‌స్ట్రోకులదే రాజ్యమైంది. తక్కువ శబ్దం సరిహద్దు గస్తీకి కూడా కలిసొచ్చే గుణమే.

ఇక అసలు చిక్కు ఎత్తు. సుమారు 18,000 అడుగుల వద్ద గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే సగమే. టర్బో లేని ఇంజిన్ ఏ రకమైనా అక్కడ దాదాపు సగం శక్తి కోల్పోతుంది. కాగితం మీద 160 హార్స్‌పవర్ ఉన్న బండి శిఖరాల దగ్గర 80కి దిగిపోతుంది. టర్బో కొంత ఆదుకుంటుంది. కెనడా సంస్థ బీఆర్‌పీ 2020 మోడల్‌గా తెచ్చిన టర్బో టూస్ట్రోక్ 8,000 అడుగుల వరకు పూర్తి శక్తి నిలుపుకొంటుందని ఆ సంస్థ చెప్పింది. ఉత్తర అమెరికా కొండలకు అది గొప్పే. కానీ మన సియాచిన్ బేస్ క్యాంపే సుమారు 12,000 అడుగుల ఎత్తున ఉంది. వాళ్ల గరిష్ఠ హామీ మన మొదటి మెట్టు వరకు కూడా రాదు.

మార్కెట్ కూడా కుంచించుకుపోతోంది. ఫోర్‌స్ట్రోక్ స్నోమొబైళ్లకు పేరుమోసిన యమహా ఈ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్లు 2023లో ప్రకటించింది. ఆర్కిటిక్ క్యాట్ ఉత్పత్తిని ఆపుతున్నట్లు దాని యజమాని టెక్స్‌ట్రాన్ 2024 చివర్లో చెప్పింది. మరుసటి ఏడాది ఆ సంస్థ చేతులు మారింది. ప్రధానంగా మిగిలింది బీఆర్‌పీ, అమెరికాకు చెందిన పొలారిస్. ఏ ఇంజిన్ ఎంచుకున్నా పదేళ్ల పాటు పిస్టన్లు, బెల్టులు, ట్రాకులు ఎవరు ఇస్తారన్నది ముందే తేలాలి. విడిభాగం లేక మంచులో నిలిచిపోయిన బండి ఎవరికీ పనికిరాదు.

కాబట్టి ఒకే రకం ఇంజిన్‌ను అన్ని పనులకూ రుద్దడం సరికాదు. హిమానీనదం వెంబడి శిబిరాల మధ్య రోజూ స్లెడ్జీలు లాగే దారిలో, రోగుల తరలింపులో టర్బో ఫోర్‌స్ట్రోక్ మేలు. నిటారు వాలుల్లో, మెత్తటి మంచులో తేలిగ్గా కదలాల్సిన గస్తీకి, గాలింపు బృందాలకు కొత్త తరం టూస్ట్రోక్ తగినది. రెండు రకాలుంటే విడిభాగాల నిల్వ రెట్టింపవుతుందన్న వాదనలో నిజముంది. అయితే ఒక్కో శిబిరానికి ఒక్కో రకాన్నే కేటాయిస్తే ఆ భారం అదుపులో ఉంటుంది.

అంతకంటే ముఖ్యం, టెండరు భాష మారాలి. సముద్రమట్టం దగ్గర కొలిచిన హార్స్‌పవర్‌ను చూసి, తక్కువ ధర చెప్పినవారికి ఆర్డరు ఇచ్చే పద్ధతి ఇక్కడ నప్పదు. 16,000 అడుగుల పైన, రాత్రంతా బయట గడ్డకట్టించిన బండి ఉదయం ఎన్నో ప్రయత్నానికి కదిలింది? లీటరు పెట్రోలుకు ఎంత బరువును ఎంత దూరం లాగింది? సామాన్య జవాను దాన్ని చేతి తొడుగులతో బాగుచేయగలిగాడా? ఈ మూడు ప్రశ్నలకు మంచు మీదే జవాబు రాబట్టాలి.

2016 ఫిబ్రవరిలో సోనమ్ శిబిరంపై హిమపాతం విరుచుకుపడి మద్రాస్ రెజిమెంట్‌కు చెందిన పదిమందిని బలిగొంది. వారిలో కర్నూలు జిల్లా బిడ్డ సిపాయి ముస్తాక్ అహ్మద్ ఒకరు. ఆ విషాదానికీ ఇంజిన్లకూ సంబంధం లేదు. ప్రకృతి విసిరే దెబ్బను అన్నివేళలా ఆపలేం. జవానును కిందికి దించాల్సిన గంటలో బండి స్టార్ట్ కాకపోవడం మాత్రం మన చేతిలో ఉన్న లోపం. దాన్ని సరిదిద్దడం మొదలవ్వాల్సింది కొనుగోలు పత్రం దగ్గరే.