ఆస్ట్రేలియాకి ఆగి ఆగి వెళ్దాం

మా కాపురం అశోక్ నగర్లో, అమ్మానాన్నలది చిక్కడపల్లి, అత్తగారిల్లు నారాయణగూడ. ఈ మూడు ఇళ్ళ మధ్య ఆటో మీటరు (ఒకవేళ వేస్తే) కనీస ఛార్జీ దాటి పెద్దగా తిరగదు. అలాంటి వాళ్ళం మూడేళ్ళ మా పాపతో కలిపి ఏడుగురం ఆస్ట్రేలియా వెళ్దామనుకున్నాం. దాంతో ఆఫీసులో ప్రతివాడూ ఒక ట్రావెల్ ఏజెంటు అయిపోయాడు.

మన సాఫ్ట్‌వేర్ జనాలతో చిక్కేంటంటే, టికెట్ల సైటు తెరవగానే రేటు ప్రకారమో, మొత్తం గంటల ప్రకారమో వరస పెట్టేసి పైనున్నది నొక్కేస్తాం. మనకి ప్రయాణమంటే లేటెన్సీ, తగ్గించేస్తే పనైపోయినట్టే. కానీ ప్యాకెట్లకి మోకాళ్ళ నొప్పులుండవు కదా! మా నాన్నకి అరవై మూడేళ్ళు, షుగరు. మామగారు రెండు గంటలు కదలకుండా కూర్చుంటే లేవడానికి ఇంకొకరి చెయ్యి కావాలి.

లెక్క చూడండి. హైదరాబాద్ నుంచి సింగపూర్ సుమారు నాలుగున్నర గంటలు, అక్కణ్ణుంచి సిడ్నీ దాదాపు ఎనిమిది. దీనికి శంషాబాద్ దాకా కారు, మూడు గంటల ముందు హాజరు, మధ్యలో ఎదురుచూపులు కలపండి. పైగా చాలా విమానాలు రాత్రిపూటే. నాకు అన్నిటికన్నా పైన కనపడిన చవక టికెట్టులో మధ్యలో తొమ్మిది గంటలు ఎయిర్‌పోర్టు కుర్చీల్లో గడపాలి. గదీ లేదు, నిద్రా లేదు. అలా దిగిన పెద్దవాళ్ళకి సిడ్నీలో మొదటి రెండు రోజులూ మంచానికే. ఆ రెండు రోజుల హోటలు డబ్బులు మాత్రం చవక టికెట్టు లెక్కలో రావు. అందుకే నా ఓటు, వెళ్ళేటప్పుడు సింగపూర్లో రెండు రాత్రులు ఆగడానికి. తిరుగు ప్రయాణంలో ఎలాగూ ఇంటికే కాబట్టి నేరుగా వచ్చేసి పడుకోవచ్చు.

"రెండు రోజుల లీవు వేస్టు కదా" అన్నాడు మా టీమ్‌లో ఒకడు. అసలు దూరప్రయాణం మొదలైందే ఆగి ఆగి వెళ్ళడంతో. 1947 డిసెంబర్లో క్వాంటాస్ వాళ్ళు సిడ్నీ నుంచి లండన్‌కి మొదలుపెట్టిన సర్వీసు డార్విన్, సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీలలో ఆగుతూ నాలుగు రోజుల్లో చేరేది. అప్పుడు ఇంజన్లకి అవసరమైంది, ఇప్పుడు మోకాళ్ళకి అవసరం. పైగా మా అమ్మకి సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది, దగ్గర్లోనే ఇడ్లీ సాంబారు దొరుకుతుంది. చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడి దాటి ప్రపంచం లేదనుకునే మనిషికి విదేశంలో మొదటి రోజు అలా గడిస్తే, మిగతా పది రోజులూ ధైర్యంగా తిరుగుతుంది. నాకు ఇదే అసలు కారణం.

వీసా సంగతి. చేతిలో చెల్లుబాటయ్యే ఆస్ట్రేలియా వీసా (ఇంకా నెలైనా గడువు ఉండాలి), ముందుకు వెళ్ళే టికెట్టూ ఉంటే మనవాళ్ళు సింగపూర్లో 96 గంటల వరకూ వీసా లేకుండా ఆగే సౌకర్యం ఉంది. అయితే చివరి మాట కౌంటర్లో ఉన్న ఆఫీసరుదే, కాబట్టి కాగితాలన్నీ ప్రింటు తీసి పెట్టుకోండి, ఫోన్లో ఉన్నాయిలే అనుకోవద్దు. మలేషియా 2023 డిసెంబర్ నుంచి మనకి వీసా తీసేసింది, కౌలాలంపూర్ కూడా ఆలోచించొచ్చు. ఎక్కడ ఆగినా టికెట్టు మాత్రం మల్టీ సిటీలో ఒకే పీఎన్నార్ మీద తీసుకోండి. విడివిడిగా కొంటే కొన్నిసార్లు చవకే, కానీ ఒక విమానం ఆలస్యమై రెండోది పోతే ఆ బాధ్యత పూర్తిగా మనదే.

ఇక ఎన్ని ఊళ్ళు? మామగారు డైరీలో సిడ్నీ, మెల్‌బోర్న్, కెయిన్స్, పెర్త్ రాసుకున్నారు. సిడ్నీ నుంచి పెర్త్ మూడువేల కిలోమీటర్ల పైమాటే అండీ, మన హైదరాబాద్ ఢిల్లీ దూరానికి రెట్టింపు కన్నా ఎక్కువే అన్నాను. "మ్యాపులో పక్కనే ఉందిగా" అన్నారు. పన్నెండు రోజుల్లో రెండు ఊళ్ళు చాలన్నది నా అభిప్రాయం. "అంత డబ్బు పెట్టి రెండేనా" అనే చుట్టాలకి జవాబు మీరే వెతుక్కోండి :)

అన్నట్టు మందులు చేతి బ్యాగులోనే, డాక్టరు చీటీతో సహా. ఆవకాయ, పాలకోవా పెట్టుకుంటే, దిగేముందు ఇచ్చే కార్డులో తినే వస్తువులున్నాయని రాసెయ్యండి. రాస్తే మహా అయితే తీసి పారేస్తారు, దాస్తే గట్టి జరిమానా. ఈ మాట చెప్పాక మా అత్తగారు జాడీ తీసి లోపల పెట్టేశారు, మామగారు పెర్త్ మాత్రం ఇంకా కొట్టెయ్యలేదు. ఆదివారం చిక్కడపల్లిలో మళ్ళీ మీటింగు.