ఇంట ఉంచుట వేరు, ఇంట నేర్పుట వేరు

(ముందుగా మార్కు సువార్త 10:13–16 చదువుడి.)

మన సంఘములలో ఒక మాట వాడుకలోనికి వచ్చియున్నది. చదువు పట్టుబడని బిడ్డనుగూర్చి అడిగినప్పుడు తలిదండ్రులు, "వాన్ని ఇంట్లోనే పెట్టుకున్నాం అయ్యగారూ" అందురు. మనము తల ఊపి, చిన్న ప్రార్థన చేసి, వారిచ్చిన కాఫీ త్రాగి లేచి వచ్చెదము. ఆ తల ఊపుటకు విరోధముగానే ఈ నెల నేను వ్రాయుచున్నాను. చదివినవారికి కోపము వచ్చినయెడల అది ముందు నా మీదనే రావలెను. ఏలయనగా అట్లు తల ఊపినవారిలో నేనును ఒకడను.

ఎనిమిదేండ్ల క్రిందట ఆదోని ప్రాంతమున పల్లె సంఘములకు కాపరిగా ఉంటిని. వానలు తప్పిన యేట అక్కడి జనులు సుగ్గికి పోవుదురని మీరెరుగుదురు. మూటలు కట్టుకొని, ఇండ్లకు తాళములు వేసి, గుంటూరు వైపు మిరపకోతలకు బండ్లెక్కుదురు. మా సంఘములో ఒక కుటుంబమునకు ఏడేండ్ల కుమారుడుండెను. మాటలు ఆలస్యముగా వచ్చినవి. రెండేండ్లు బడికి పోయినను ఒక్క అక్షరమైనను నిలువలేదు. "వీనికి రాదు, ఇంట్లో పెట్టుకోండి" అని బడిలో చెప్పిరట. సుగ్గికి పోవువారి పిల్లలకొరకు తెరచిన వసతిగృహములోను వానిని చేర్చుకొనలేదు. తల్లి నాయొద్దకు వచ్చి, "ఏం చేద్దాం అయ్యగారూ, నేను కూలికి పోకుంటే ఇల్లు ఎట్ల జరుగుతాది?" అని యేడ్చెను. నేనేమి చెప్పితిని? "ఓర్చుకోమ్మా, ప్రార్థన చేసుకో, వాన్ని అవ్వ దగ్గర ఇంట్లో ఉంచు" అంటిని. వేదాంత కళాశాలలో పెద్ద పెద్ద గ్రంథములు చదివి వచ్చినవాడను. ఆ తల్లికి నేను ఇయ్యగలిగినది అంతమాత్రమే.

ఫిబ్రవరి నెలలో ఒకనాడు ఆ వీధిని పోవుచు వారి ఇంటిలోనికి తొంగి చూచితిని. అవ్వకు చూపు ఆనదు. బిడ్డ బావి వైపు పరుగెత్తునని భయపడి, పాత చీర పేలికతో వాని కాలు మంచపు కోడుకు కట్టియుంచెను. ఆమె క్రూరురాలు కాదు. తన పాలి సంగటి ముద్ద కూడ వానికే పెట్టి తాను గంజి త్రాగునది. అయినను పగలంతయు ఆ బిడ్డ తిరుగగల చోటు ఆ పేలిక ఎంత పొడవో అంతే. ఇంట్లో ఉంచుమని సలహా చెప్పినవాడను నేనే.

ఇట్టి బిడ్డలనుగూర్చి మన నోట వచ్చు మాటలలో అన్నిటికంటె చెడ్డది "ఏ పాపము చేసిరో" అనునది. పుట్టు గ్రుడ్డివానినిగూర్చి శిష్యులు ఈ ప్రశ్ననే వేసినప్పుడు ప్రభువు ఏమి చెప్పెనో యోహాను 9వ అధ్యాయములో ఉన్నది. వాని పాపము కాదు, వాని కన్నవారి పాపమును కాదని తేల్చెను. అయినను ఆ ప్రశ్న మన గుడి అరుగు దిగిపోలేదు. మేనరికములలోను, మేనమామ సంబంధములలోను పుట్టు బిడ్డలకు చెవుడు, బుద్ధిమాంద్యము కొంత ఎక్కువగా కలుగునని వైద్యులు చెప్పుచున్నారు. దానిని పెండ్లికి ముందు చెప్పవలెను. అప్పుడు మనకు నోరు రాదు, బంధువులు అలుగుదురు. బిడ్డ పుట్టిన తరువాత తల్లిని వేలెత్తి చూపుటకు మాత్రము అందరికిని నోరు వచ్చును.

స్వస్థత కూటముల సంగతి కూడ చెప్పవలెను. ప్రార్థనకు నేను విరోధిని కాను. రోగులకొరకు ప్రార్థించుట నా పని. అయితే మూర్ఛవచ్చు బిడ్డ తల్లితో "విశ్వాసముంటే మాత్రలు మాను" అని చెప్పు బోధకుని వేదిక ఎక్కించుట పాపమని వ్రాయుటకు నేను వెనుదీయను. మూర్ఛ మందు ఉన్నపళముగా మానినయెడల మూర్ఛలు ఎడతెగక వచ్చి ప్రాణమే పోవచ్చును. మెడలోని గొలుసు అమ్మి కూటము వెంబడి కూటము తిరిగిన తల్లులను నేనెరుగుదును. అన్ని దినములలో ఒక్క దినము కర్నూలు సర్వజన ఆసుపత్రికిగాని కడపకుగాని పోయియున్నయెడల ఎంతో తెలిసియుండును. చెవిలో చీము కారు బిడ్డకు మాట సరిగా వినబడదు. వినబడని మాటను ఎట్లు నేర్చును? చూపు చాలని బిడ్డకు నల్లబల్ల మీది అక్షరము మసకగా కనబడును. థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయక మందగించు బిడ్డకు, పసితనముననే మొదలుపెట్టినయెడల, దినమునకొక మాత్ర గొప్ప మేలు చేయును. ముందు ఇవి చూపించుడి. మొద్దు అని పేరు పెట్టుటకు తొందరపడకుడి.

ఇక బడివారి మాట. విద్యాహక్కు చట్టము 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుండి అమలైనది. 2012లో దానిని సవరించి, తీవ్రమైన వైకల్యముగల బిడ్డలకును, ఒకటికి మించిన వైకల్యములుగల బిడ్డలకును ఇంటివద్దనే విద్య కోరుకొను హక్కును కలుగజేసిరి. కోరుకొను హక్కు అను మాటను గమనించుడి. ఆ హక్కు బిడ్డది. బిడ్డను పొమ్మనుటకు బడికి ఇచ్చిన అధికారముగా దానిని ఎవరును చదువరాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను పేర్కొన్నది. వాటిలో బుద్ధి ఎదుగుదల లోపమున్నది; తెలివియుండియు చదువుట, వ్రాయుట మాత్రము పట్టుబడని స్థితియు ఉన్నది. అట్టి బిడ్డను చేర్చుకొనమని త్రోసివేయుటకు వీలులేదు. త్రోసివేసినయెడల కాపరి, సంఘపెద్దలు ఆ తండ్రి వెంట బడికి పోయి మాట్లాడవలెను. కూలివాడు ఒంటరిగా పోయినయెడల అతని మాట గుమ్మము దాటదు.

మండలములలో భవిత కేంద్రములున్నవి. బడికి రాలేని బిడ్డల ఇండ్లకు సహిత విద్య ఉపాధ్యాయులు వచ్చి నేర్పవలెనను ఏర్పాటును ఉన్నది. వారిలో మంచివారిని నేనెరుగుదును. అయితే ఒక మనుష్యుడు ఎన్ని పల్లెలు తిరుగగలడు? అతడు వచ్చి కూర్చుండు కొద్దిసేపు పోగా మిగిలిన దినములన్నిటిలో ఆ బిడ్డయొద్ద ఎవరుందురు? ఇంటివద్ద విద్య పొందుచున్నాడని రిజిస్టరులో ఉండును. ఇంటివద్ద కోళ్లు తప్ప ఎవరును ఉండరు.

2024 జూలై నుండి మన రాష్ట్రమున దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు చేసిరి. మంచిదే. సదరం పత్రము లేనివారికి దానిని తెప్పించుటలో కాపరులు తోడ్పడవలెను. కాని, "పింఛను వస్తా ఉంది కదా అయ్యగారూ, ఇంక సదువెందుకు?" అని ఒక సంఘపెద్ద నాతో అనెను. నెలకు 6,000 రూపాయలిత్తుమని చెప్పినయెడల ఆ పెద్ద తన కుమారుని బడి మాన్పించునా?

వేరొక పక్షమువారును ఉన్నారు. అమెరికా దేశమున అనేక క్రైస్తవ కుటుంబములు బిడ్డలను బడికి పంపక ఇంటనే చదివించుచున్నవి. 1993 నాటికి అక్కడి 50 రాష్ట్రములలోను అది చట్టసమ్మతమైనది. ఆ సంగతి విని, పట్టణములలో స్థిరపడిన మనవారు కొందరు పల్లెలోని బంధువులకు అదే సలహా చెప్పుచున్నారు. దానితోకూడ ఎడిసన్ కథ చెప్పుదురు. కొద్ది నెలలే బడిలో నిలిచిన ఆ బాలునికి తల్లి ఇంట చదువు చెప్పిన మాట నిజమే. ఆమె అంతకుముందు ఉపాధ్యాయినిగా పనిచేసిన సంగతిని మాత్రము మన ప్రసంగీకులు మరతురు. మన తల్లి పగలంతయు చేనిలో వంగి పనిచేసి, వచ్చి పొయ్యి వెలిగించునది. మరియు మన బిడ్డ ఎడిసన్ కానక్కరలేదు. దీపము కనిపెట్టువాడైతేనే ఒక బిడ్డకు నేర్పదగునా?

ఇంకొకటి చెప్పక మానలేను. లండను మిషనువారు 1822లో కడపలో పని ఆరంభించిరి. తరువాత జమ్మలమడుగు, నంద్యాల, ముత్యాలపాడు ప్రాంతములలో ఆయా మిషనులవారు తెరచిన పల్లె బడులలోనే మన తాతముత్తాతలు మొదట అక్షరమును ముట్టిరి. పగలు పశువుల వెంట తిరిగి, రాత్రి దీపము వెలుతురున దిద్దినవారు వారిలో ఉన్నారు. అప్పుడు వారినిగూర్చి ఊరు ఏమనెను? మాలమాదిగలకు చదువు రాదనెను. అది వారి పుట్టుకలోనే లేదనెను. ఆ మాట అబద్ధమని మన ఇండ్లలోని ఉపాధ్యాయులు, నర్సులు, గుమాస్తాలు సాక్ష్యమిచ్చుచున్నారు. అట్టివారి సంతతియైన మనము, మన గుడిలో వెనుక గోడకు ఆనుకొని కూర్చున్న బిడ్డను చూచి, "వీనికి రాదు" అనుచున్నాము. ఊరివారి ఆ మాటను మనమెప్పుడు నేర్చుకొంటిమి?

ఆదోని ప్రాంతము నుండి నన్ను జమ్మలమడుగు వైపు మార్చిరి. అక్కడ నాకు బుద్ధి చెప్పినది ఒక తల్లి. తాను అయిదవ తరగతి వరకే చదివినది. కూతురికి ఎనిమిదేండ్లు, మాటయు ఆటయు నాలుగేండ్ల బిడ్డవి. వారి అరుగుకు కడప బండలు పరచియుండెను. ఉదయము సంగటి ఉడుకునంతసేపు ఒకసారి, రాత్రి అన్నమునకు ముందు ఒకసారి, పది నిమిషములకు మించకుండ, ఆ నల్ల బండమీద చదువు. ఆమె అ, ఆ లతో మొదలుపెట్టలేదు. 56 అక్షరముల వరుస ఈ బిడ్డకు కొండయని ఆమెకు ఎవరు చెప్పిరో నాకు తెలియదు. బిడ్డ పేరులోని మొదటి అక్షరమును సుద్దముక్కతో చేటంత వ్రాసి, దాని వెంబడి శనగగింజలు పేర్పించెను. అది కుదిరిన తరువాత సుద్దముక్క తీసివేసి, నీటిలో వ్రేలు ముంచి దిద్దించెను. కొంతసేపటికి నీరు ఆరిపోవును. మరల దిద్దును. తప్పు దిద్దినను ఆ తప్పు బండమీద నిలువదు గనుక బిడ్డకు భయములేదు. మొదటి అక్షరమునకు ఇంచుమించు నెల పట్టినది.

ప, వ ఒకే పోలికగా ఉండును గనుక ఆ రెంటిని దగ్గర దగ్గరగా చెప్పలేదు. ప అనగా పప్పు. అది బాగుగా నిలిచిన చాల దినములకు వ అనగా వడ. మ, య లను ఇంకను దూరముగా ఉంచెను. లెక్కలు పొయ్యి దగ్గర జరిగెను. "మనం ఎంతమందిమి? రొట్టెలు ఎన్ని కావాల?" అని దినదినము అదే ప్రశ్న. అయిదు దాటుటకు యేడాది పట్టినది. పాటలు మాత్రము త్వరగా వచ్చినవి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో రెండు మూడు పల్లవులను ఆ బిడ్డ గుడిలో అందరితోకూడ పాడును, ఒక మాట వెనుకగా.

రోము నగరమున మాంటిస్సోరి అను వైద్యురాలు మొదట బుద్ధిమాంద్యముగల బిడ్డలకే నేర్పుచు, అక్షరమును కంటితో చూచుటతోపాటు వ్రేలితో తడిమి తెలిసికొను పద్ధతిని పెంపొందించెను. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి మన దేశపు ఉపాధ్యాయులకు తన విద్యను బోధించెను. జమ్మలమడుగు వైపున్న ఈ సహోదరి ఆమె పేరు ఎన్నడును వినలేదు. బండ, నీళ్లు, శనగలు ఆమెకు దొరికినవి.

అయితే ఆమె ఒక్కతెయే ఈ పని చేసెనని తలంచకుడి. శనగ కోతల కాలమున ఆమె చీకటితోనే చేనికి పోవును. ఆ దినములలో ఎదురింటి ఇంటరు చదివిన అమ్మాయి ఉదయపు పది నిమిషములు కూర్చుండెను. స్త్రీల సమాజములోని ఒక విధవరాలు సాయంకాలము కూర్చుండెను. ఏ అక్షరము దిద్దించవలెనో తల్లి బొగ్గుతో గోడమీద గురుతు పెట్టి పోవును. దీనిని ఏర్పాటు చేసినది నేను కాను. నేను పోవుసరికే జరుగుచుండెను. ఆ బిడ్డ బడికిని పోవుచుండెను; అక్కడ తోటి పిల్లలతో కలిసి ఆడును, అన్నము తినును, వినినంత వినును. రెండేండ్లకు తన పేరు వ్రాయనేర్చెను, ఇరువది వరకు లెక్కించెను, అంగడికి పోయి ఉప్పు తెచ్చి చిల్లర చూచుకొనెను. గుణింతములు రాలేదు. ఒకవేళ ఎన్నటికిని రాకపోవచ్చును.

తన మాట తడబడునని మోషే చెప్పుకొనినప్పుడు, అట్లయితే మామ మందనే మేపుకొనుమని దేవుడు అతని విడిచిపెట్టలేదు. అన్నయగు అహరోనును జతచేసెను (నిర్గమకాండము 4). తిమోతినిగూర్చి పౌలు వ్రాయునప్పుడు తల్లి యునీకేతోపాటు అవ్వ లోయిని కూడ పేర్కొనెను. మన సంఘములలో ఇంటరు, డిగ్రీ చదివి ఉద్యోగము దొరకక ఇంట నున్న యౌవనస్థులు ఎందరు! వారిలో ఇద్దరిని ఒక బిడ్డకు జతచేయలేమా? ఆదివారపు బడిలో కంఠత వాక్యమునకు బహుమానములిచ్చుచున్నాము. ప్రతి క్రిస్మసుకు వేదిక ఎక్కు పిల్లలు వారే. వెనుక కూర్చుండు బిడ్డకు మూడు నెలలు కష్టపడి రెండు మాటలు నేర్పిన ఉపాధ్యాయురాలికి బహుమానమిచ్చిన సంఘమును నేనింతవరకు చూడలేదు.

ఆదోని బిడ్డ సంగతి మీరు అడుగుదురు. నిరుడు ఆ పల్లెకు పోయితిని. వానికి పదునైదేండ్లు, నాకంటె పొడగరి ఆయెను. గొఱ్ఱెలు తోలుకొనిపోవుచున్నాడు. నన్ను గుర్తుపట్టి నవ్వెను. నా సంచిలో సుద్దముక్క ఉండగా, గుడి అరుగుమీద వాని పేరులోని మొదటి అక్షరమును పెద్దదిగా వ్రాసితిని. వాడు వంగి దానిమీద వ్రేలు పెట్టెను. "ఇప్పుడేం వస్తాది అయ్యగారూ" అని తల్లి అనెను. అనుచునే నిలిచి చూచెను. అప్పుడు నేను చెప్పిన మాటకు ఆమెయొద్ద క్షమాపణ అడిగి, అక్కడి కాపరితో మాటలాడితిని. స్త్రీల సమాజములో ఇద్దరు మంగళవారము, శుక్రవారము కూర్చుండుటకు ఒప్పుకొనిరి. ఈ యేడు వారిద్దరును సుగ్గికి పోవలసివచ్చునేమో అని కాపరి జాబు వ్రాసియున్నాడు. వారి స్థానమున ఎవరు కూర్చుందురో ఇంకను తేలలేదు.